చెనిక్కాయ నూనెతో నల్లమాడకు

కాశీకి పోయి వచ్చినవాళ్ళు రాస్తారు, బదరీకి పోయి వచ్చినవాళ్ళు రాస్తారు. పామిడి నుంచి నల్లమాడకు పోయి వచ్చినవాడు రాయకూడదని ఎవరూ అనలేదు గదా. బదరీవాళ్ళకు దారిపొడుగునా మంచు కనపడిందంట. నాకూ మంచు ఉండింది. అయితే అది నా ఫ్లాస్కులో ఉండింది, అది కరిగేలోపల నేను నల్లమాడ అవతల ఒక పల్లెకు చేరాల. వాళ్ళ యాత్రకూ నా యాత్రకూ అదే తేడా. వాళ్ళు తీరుబడిగా పోయినారు.

సంగతి ఏమంటే, మా చెల్లెలు ఓబుళమ్మను ఆ పల్లెలో ఇచ్చినాము. ఆమెకూ ఆమె మొగుడు నాగప్పకూ గొర్రెల మందే ఆస్తి, గొర్రెల మందే పైరు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏండ్లు అవి. చేన్లో విత్తనం వేసి మొలక చూసింది ఎప్పుడో వాళ్ళే మరిచిపోయినారు. ఆ ఎండాకాలం ఆఖర్లో పక్క ఊరి మందలో బొబ్బ రోగం పడింది. గొర్రెకు మూతి మీద, తోక కింద బొబ్బలు లేస్తాయి, మేత మానేస్తుంది, మూలకు పోయి తల వాల్చేస్తుంది. ఒక దానికి వచ్చిందంటే మందంతా పోయేదాకా ఆగదు. రెండు ఊర్ల మందలకూ నీళ్ళు ఉండేది ఒకటే కుంట.

నల్లమాడ పశువుల ఆసుపత్రి కాంపౌండరు దగ్గర సూదులు ఉన్నాయి, మందు లేదు. మందు అనంతపురంలో ఇస్తారు. ఐసులో పెట్టి తేవాల. వేడి తగిలితే అది మందు కాదు, ఉత్త నీళ్ళు. "రోగం రాకముందే సూది పడాల. వచ్చినాక నేను చేసేదేమీ లేదు. బేస్తవారం పొద్దున మీ ఊరికి వస్తా, మధ్యాన్నం దాకా ఉంటా" అని ఆయన చెప్పినాడు. "మా అన్నకు ఫట్‌ఫటి ఉండాది" అని మా చెల్లెలు చెప్పింది. ఆ మాట బస్సు కండక్టర్ల నోళ్ళు మారి మారి మంగళవారం సాయంత్రానికి పామిడిలో నా చెవిన పడింది.

మోటారు సైకిలెందుకు, బస్సులో పోగూడదా అంటారు. పోవచ్చు. మూడు బస్సులు మారాల, ఆఖరి బస్సు దానికి మనసైన దినం వస్తుంది. పైగా నేను అప్పటికే వీధిలో అందరికీ చెప్పేసినాను, అరపూటలో పోయి మందిచ్చి వస్తానని.

పామిడి

నా పని బోరు బావుల్లో పైపులు దింపడం. ఒక పైపుకు ఇంకో పైపు మర బిగిస్తా, కిందికి దింపుతా పోవాల. ఎక్కడన్నా ఒక మర వదులైందా, కిందుండే పైపులన్నీ పోయి పాతాళంలో పడతాయి, రైతు గట్టు మీద కూర్చోని ఏడుస్తాడు. అందుకని మా పనిలో బిగువంటే ఎట్లుంటాదంటే, పైపు రెంచికి ఇంకో గజం పైపు తొడిగి, ఇద్దరు మనుషులు దాని మీద వేలాడాల. ముప్పై ఏండ్లు అట్ల వేలాడిన చెయ్యి ఇది. దీనికి ఒకటే బిగువు తెలుసు.

దూరం పోయేముందు ఇంజను ఆయిలు మార్చాలని ఎవరో చెప్పినారు. బుధవారం తెల్లారి బండి కింద దూరి, అడుగున ఉండే బోల్టు విప్పి, నల్లటి పాత ఆయిలంతా వదిలేసి, మళ్ళీ బోల్టు పెట్టినాను. బండి పేరు చెప్పను. తప్పు బండిది కాదు, ఊరికే దానికి చెడ్డపేరెందుకు. ఆ బోల్టు నా బొటనవేలంత కూడా ఉండదు. అది పోయి కూర్చునే చోటు ఇనుము కాదు, గంజి గిన్నెల్లాంటి సత్తు. ఇవన్నీ ఇప్పుడు చెప్తాండా. ఆ పొద్దు నాకు కనపడింది ఒక మర, చేతిలో పైపు రెంచి. ఇంక అడగాలా? గజం పైపు తొడగలేదు గానీ, కాలు గోడకు తన్నిపెట్టి లాగినాను. కిర్రుమనింది. "ఇది ఈ జన్మకు ఊడదు" అనుకుంటా కొత్త ఆయిలు పోసినాను.

ఊరు దాటుతానే పెన్న. వరద ఉరకలేస్తా ఉంటే బండిని భుజానికెత్తుకొని, ఒంటిచేత్తో ఈదుకుంటా దాటినాను.

సరే, అబద్ధం. పెన్నలో నీళ్ళు చూసి ఎన్నేండ్లయిందో. ఇసకలో ఆడవాళ్ళు చెలమలు తవ్వుకొని, చిప్పతో ఒక్కో చిప్పెడు నీళ్ళు బిందెలోకి తోడుకుంటాండిరి. నేను వంతెన మీద పోతా ఉంటే ఒకామె తలెత్తి, "యాడికప్పా ఇంత పొద్దున?" అని అరిచింది. "మంచు తెచ్చేదానికి!" అన్నాను. ఆమె నన్ను చూసి, చెలమను చూసుకొని, మళ్ళీ చిప్ప పట్టుకునింది.

అనంతపురం

మందిచ్చే ఆఫీసులో నన్ను చూస్తానే పెద్దాయన లేచి నిలబడి కుర్చీ వేయించినాడు అని మా వీధిలో చెప్పినాను. మీకు చెప్పేదేమంటే, ఎండ పైకొచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను, ఆ బల్లకు ఒక కాలు లేదు. అయినా మందిచ్చినాయన మంచోడు. చిన్న చిన్న సీసాలు ఫ్లాస్కులో పెట్టి, వాటి చుట్టూ ఐసు ముక్కలు కూరి, "పెద్దాయనా, పసిబిడ్డను మోసినట్ల మొయ్యాల. ఐసు ఉన్నంతసేపే ఇది మందు" అన్నాడు.

పసిబిడ్డను ఎవరూ క్యారియరుకు కట్టరు గదా. తువ్వాలు తడిపి ఫ్లాస్కుకు చుట్టి, పంచెతో ఎదకు కట్టుకున్నాను. దారిన పోయేవాళ్ళంతా బిడ్డేమో అని తొంగిచూసినారు. టీ అంగడి ముందర ఒక ముసలామె, "తల్లి యాడికి పోయిందప్పా?" అని నిజంగానే జాలిపడింది. అర్ధరూపాయి టీ, అందులో పాలు చూపుకు మాత్రమే ఉన్నాయి. తాగి బయలుదేరినాను.

బత్తలపల్లి

బత్తలపల్లి దాకా బండి గాలిలో పోయినట్ల పోయింది. రోడ్డు పక్క చింతపండు కుప్ప పోసుకొని ఒకాయన తూకమేస్తా కూర్చోనుంటే, నీళ్ళు అడుగుదామని ఆపినాను. ఆయన చెంబు ఇయ్యకుండా బండి కిందికి చూస్తా ఉండాడు.

"ఏమప్పా, నీ బండి ఉచ్చ పోస్తాండాది."

వంగి చూస్తి. ఇంజను అడుగంతా తడి. వచ్చిన దారి వెంట తారు మీద నల్లటి గీత, ముగ్గు పోసినట్ల సన్నగా, అనంతపురం పక్కకు పోయిండాది.

అప్పుడన్నా నాకు బుద్ధి రావాల. రాలేదు. వదులైందేమో అనుకొని రెంచి తీసి ఇంకొక పట్టు పట్టినాను. మొదట కొంచెం బిగిసింది. తర్వాత ఒక్కసారిగా మెత్తబడింది. మర పని చేసేవాళ్ళకు ఆ మెత్తదనం అంటే మర పోయిందనే లెక్క. ఇంక ఆ బోల్టు ఎంత తిప్పినా తిరుగుతానే ఉంటాది, బిగిసేది లేదు. వెనక్కి తీసి చూస్తే దాని గాడుల్లో సత్తు తునకలు మెరుస్తాండాయి. మర బోల్టుది పోలేదు, ఇంజనుది పోయింది. మిగిలిన ఆయిలంతా రోడ్డు మీద కారిపోయింది.

పైన ఎద మీద ఐసు కరిగి నీళ్ళు కారుతాండాయి, కింద ఆయిలు కారిపోయింది. నడిమధ్య నేను నిలబడినాను.

"బస్సు వస్తాది, ఎక్కిపో" అన్నాడు చింతపండాయన.

"ఎప్పుడు?"

"నిన్నటిదా, ఈపొద్దుటిదా?"

అక్కడ నుంచి ధర్మవరం దాకా బండిని ఒక్కడినే తోసుకుంటా పోయినాను. ఈ మాట ఇప్పటిదాకా ముగ్గురికి చెప్పినాను, ముగ్గురూ నా బలానికి ముక్కున వేలేసుకున్నారు. నిజానికి చెనిక్కాయ, అంటే వేరుశెనగ, పొట్టు మోసుకుపోయే లారీ ఒకటి వచ్చింది. డ్రైవరూ నేనూ చింతపండాయనా కలిసి బండిని ఎక్కించినాము. నేను ఆ పొట్టులో మెడదాకా కూరుకుపోయి, ఫ్లాస్కును తల మీద పెట్టుకొని పోయినాను. చేరేసరికి నా మీసం కూడా చెనిక్కాయ వాసన.

ధర్మవరం

మస్తాను అని ఒక మెకానిక్కు. ఆ ఊర్లో తనంత పనిమంతుడు లేడని తనే చెప్పుకుంటాడు, అడక్కపోయినా చెప్తాడు. బండి కింద పండుకొని చూసి, లేచి కూర్చున్నాడు.

"చాచా, ఎవురు బిగిచ్చినారు దీన్ని?"

"పామిడిలో ఒకడున్నాడులే."

"మెకానిక్కా?"

"అనుకుంటా."

"ఆ నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టాల" అన్నాడు.

నేను రెండు చేతులూ పంచెలో దాచుకొని, ఇరగ్గొట్టాల్సిందే అన్నాను.

మస్తాను అంతటితో ఆపలేదు. "వాడు కనపడితే చెప్పు చాచా. బోల్టు కింద రాగి వాషరు ఎందుకు పెట్టినారు? అది నలిగి కూర్చుంటే ఆయిలు ఆగుతాది. ఆపేది వాషరు, వాడి బలం కాదు. ఆయిలు మార్చినప్పుడల్లా కొత్త వాషరు ఎయ్యాల. బోల్టు ముందు వేళ్ళతో తిప్పాల, ఆనేదాకా. ఆనినాక చిన్న పానా పట్టుకొని మణికట్టుతో ఒక్క అదుము. భుజం కదిలిందా, ఇంజను పోయినట్టే. చెప్తావు గదా?"

"తప్పకుండా చెప్తా."

దీనికి రంధ్రం పెద్దది చేసి కొత్త మర కొయ్యాలంట, లావు బోల్టు వెయ్యాలంట. మర కోసే మనిషి పెండ్లికి హిందూపురం పోయినాడంట, శుక్రవారం వస్తాడంట. బేస్తవారం మధ్యాన్నానికి నేను చెల్లెలి ఊర్లో ఉండాలని చెప్పినాను. ఎదకు కట్టుకున్నది విప్పి చూపించినాను. "యా అల్లా, గొర్రెల మందా!" అని నన్ను చెయ్యి పట్టుకొని పక్కింట్లోకి లాక్కోనిపోయినాడు.

పక్కింట్లో సావిత్రమ్మ, ఆమె మొగుడు నారాయణప్ప. పట్టు చీరలు నేసేవాళ్ళు. ఇల్లంటే మగ్గం, మగ్గమంటే ఇల్లు. మనుషులు మిగిలిన సందుల్లో ఉంటారు. నేను గడప దాటుతానే, నేల బారున సాచిన దారాల ముందర సావిత్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పడుగు దాటొద్దు! సుట్టు తిరిగి రాప్పా. మీ ఊర్లో మగ్గాల్లేవా ఏమి?"

మా ఊర్లో గుడ్డలు అమ్మేవాళ్ళు ఉన్నారు గానీ, మగ్గం ముందర ఇట్లాంటి మర్యాదలు నాకు తెలియవు. గోడ వెంబడి పీతలాగా పక్కకు జరుక్కుంటా పోయినాను. మస్తాను సంగతి చెప్తే ఆమె ఫ్లాస్కు తీసుకొని, మగ్గం కింద గుంత చూపించింది. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంత అది.

"ఇంట్లో సల్లంగుండేది ఆ గుంతొకటే. ఆడ కాళ్ళు పెట్టుకోనుండబట్టే ఎండాకాలం బతుకుతాండాము."

తడిగోనె చుట్టి ఫ్లాస్కును గుంతలో పెట్టినారు. ఆ సాయంత్రమంతా నారాయణప్ప నా చెల్లెలి గొర్రెల కోసం ఒంటికాలితో నేసినాడు. లేదు లేదు, మగ్గం ఒంటికాలితో ఆడదు. ఫ్లాస్కును ఒక మూలకు నెట్టి, తగలకుండా మోకాళ్ళు దగ్గర పెట్టుకొని నేసినాడు. అది కూడా తక్కువేమీ కాదు.

సోడా అంగట్లో ఐసు కొని ఫ్లాస్కులో మళ్ళీ నింపి వచ్చి, మస్తాను షెడ్డులో కూర్చున్నాను. శుక్రవారం దాకా ఆగేది లేదు, అది మాత్రం తెలుసు. పైపుల పనిలో మర అరిగితే మేము నార చుట్టి, సఫేదా అనే తెల్ల ముద్ద పూసి బిగిస్తాము. బొట్టు కారదు. సఫేదా దొరికింది. గోనె నార లాగి చుట్టి చూస్తే లావై, లోపలికి దూరనే లేదు. సన్నంగా ఉండాల, తెగకుండా ఉండాల. అట్లాంటిది ఆ ఊర్లో ఇంటింటా ఉందని నాకు తట్టేసరికి దీపాలు పెట్టినారు.

"పట్టా?" అనింది సావిత్రమ్మ. "పెండ్లికూతురు కట్టుకునే పట్టు నీ ఇంజనుకు కట్టల్లనా?"

"ముక్కలైనా చాలమ్మా, పారేసేవి."

"మా ఇంట్లో పట్టు ఎవురూ పారెయ్యరు" అంటానే లేచి, తెగిన పోగుల ఉండ ఒకటి తెచ్చింది. నేను చుట్టడం మొదలుపెట్టినాను. బిగించే పక్కకే చుట్టాల, ఎదురు చుడితే తిప్పేకొద్దీ ఊడొస్తాది. అది నాకు బాగా తెలిసిన పనే. కానీ లాగి లాగి చుడుతుంటే పోగు పుటుక్కుమని తెగింది. ఇంకోటి తీస్తే అదీ తెగింది.

"గొర్రె గొంతు పిసుకుతాండావా, పోగు సుడతాండావా?" అనింది ఆమె. మొగుడు నవ్వు ఆపుకోలేక మగ్గం ఆపినాడు. "ఇటియ్యి" అని తనే చుట్టింది. చేతిలో పోగు ఉన్నట్టే లేదు, వేలికి ఉంగరం పెట్టినట్ల గాడుల్లో కూర్చునింది.

మస్తాను దాన్ని వేళ్ళతో లోపలికి తిప్పి, ఆనినాక ఇంక ముట్టలేదు. పాత సైకిలు ట్యూబు ముక్కను ఇంజను కింది నుంచి పట్టీలాగా కట్టి, బోల్టును పైకి అదిమిపెట్టినాడు. కొత్త ఆయిలు పోసినాడు. "బొట్టు బొట్టు కారితే కారనీ చాచా. ఆ బొట్లతో నల్లమాడ పోతావు. ముట్టుకున్నావో, పోవు" అని, నా పైపు రెంచి తీసి తన బల్ల కింద పెట్టుకున్నాడు. "పామిడి మెకానిక్కును వచ్చి తీసుకోమను."

వాడికి తెలిసిపోయిందన్నమాట.

రాత్రి సంగటి పెట్టినారు, ఊరుబిండి పచ్చడి వేసినారు. మా పామిడి పక్క జొన్నరొట్టె లేకుంటే కడుపు నిండదు. ఈ పక్క రాగి సంగటి లేకుంటే నిండదు. నేను ముద్దను రొట్టెలాగా నమలబోతే, "మింగాలప్పా, నమిలితే ఎట్ల!" అని సావిత్రమ్మ దానికీ తిట్టింది. పొద్దున బయలుదేరేటప్పుడు పట్టు పోగులు ఇంకొన్ని నా తువ్వాలు కొంగున ముడి వేసింది. "నీ చెయ్యి ఊరకుండదు. పెట్టుకో" అనింది.

ముదిగుబ్బ

ముదిగుబ్బ దాకా వచ్చినాను. ఎండ ఇంకా పైకి రాలేదు. హోటలు ముందర ఆపి బొరుగుల ఉగ్గాని తిన్నాను, మిరపకాయ బజ్జీలు పొయ్యి మీద నుంచి నేరుగా ఆకులోకి వచ్చినాయి. మా ఊరి ఉగ్గానిలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ఎక్కువ, ఇక్కడ పప్పుల పొడి ఎక్కువ. ఏది మంచిదంటే, ఎవరి ఊర్లో ఉంటే వాళ్ళదే మంచిదని చెప్పి బయటపడాల.

చెయ్యి కడుక్కొని బండి దగ్గరకు వస్తే ఇసకలో ఒక బొట్టు. రూపాయి బిళ్ళంత మచ్చ. వంగి చూస్తే బోల్టు అంచున ఇంకో బొట్టు ఊరుతా ఉంది.

మస్తాను మాట గుర్తుంది. ముట్టగూడదని గుర్తుంది. ఒకటే అదుము, మణికట్టుతోనే, అనుకుంటి. పక్కన ఆగిన లారీ డ్రైవరును పానా అడిగినాను. పట్టీ పక్కకు జరిపినాను. అదిమినాను. మణికట్టుతోనే మొదలుపెట్టినాను, దేవుడి సాక్షి. మధ్యలో భుజం ఎప్పుడు కలిసిందో తెలియదు. లోపల పట్టు తెగిన చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. బోల్టు ఊడి చేతిలోకి వచ్చింది, దాని వెనకే మస్తాను పోసిన ఆయిలంతా నా మోచేతి మీదుగా ఇసకలోకి పోయింది.

డ్రైవరు తన పానా తను తీసుకున్నాడు. "ఏమబ్బా, బాగుండే బండిని ఎందుకు కెలికితివి?" ఆ పక్క మనుషులు 'అప్పా' అనరు, 'అబ్బా' అంటారు. తిట్టు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఎక్కించుకోని పొమ్మంటే ఆయనది అనంతపురం దారి.

ఇంజను ఆయిలు ఆ పక్క ఎక్కడా లేదు. కదిరికి పోవాలన్నారు. ఫ్లాస్కు మూత తీసి చూస్తే ఐసు సగానికి వచ్చింది. పొద్దు పైకెక్కుతా ఉంది. ఓబుళమ్మ గొర్రెల్ని దొడ్డిలో పెట్టుకొని, కుంట పక్కకు పోకుండా నాగప్పను కాపలా పెట్టి, దారి చూస్తా ఉంటాది. నడిచైనా పోతా, పాకైనా పోతా అనుకుంటా లేస్తిని. లేస్తే ముందర బాణలిలో బజ్జీలు తిరుగుతాండాయి.

"హోటలాయనా, నూనె డబ్బా ఒకటి ఇస్తావా?"

"పార్సలా?"

"ఇంజనులోకి."

ఆయన గరిటె పట్టుకొనే బయటికి వచ్చినాడు. "చెనిక్కాయ నూనెనా? బండికా? ఇది నిన్న గానుగాడించిన నూనె అబ్బా! మా ఇంట్లో బిడ్డలకు కూడా లెక్క పెట్టి పోస్తాము!" ఇంజను ఆయిలు కన్నా ప్రియం, అదీ చెప్పినాడు. గొర్రెల సంగతి చెప్పినాను. ఆయన "మాకూ ఉండాయి నాలుగు" అని లోపలికి పోయి డబ్బా తెచ్చినాడు. "తిరగమోతకు కొంచెం మిగల్చు."

కొంగు ముడి విప్పి పట్టు పోగులు తీసినాను. సావిత్రమ్మ చుట్టినట్ల చుట్టాల. చెయ్యికి లాగాలని ఉంది. లాగలేదు. వేళ్ళతో లోపలికి తిప్పినాను, ఆనింది. ఇంకొంచెం తిరుగుతాదని నాకు తెలుసు, ముప్పై ఏండ్ల చెయ్యి అంతా ఇంకొంచెం ఇంకొంచెం అంటాండాది. చెయ్యి వెనక్కి తీసుకొని తొడ కింద పెట్టి కూర్చున్నాను. పట్టీ సరిచేసి కట్టినాను. నూనె పోసినాను. కింద చూసినాను. బొట్టు వచ్చింది. రానీ అనుకొని లేచినాను. నా బతుకులో నేను సగంలో వదిలేసిన బిగువు అదొక్కటే.

మలకవేముల దాటినాక

మలకవేముల దగ్గర పెద్ద రోడ్డు వదిలి నల్లమాడ దారి పట్టినాను. కొంతసేపటికి వాసన మొదలైంది. బజ్జీల వాసన. మొదట నా మీసం అనుకుంటి. తర్వాత చూస్తే ఇంజను నుంచి సన్నటి తెల్లపొగ, దాంట్లోంచి కమ్మగా వేగుతా ఉండే నూనె వాసన.

దారిలో ఒక పల్లెలో కుక్కలు మొరగడం మరిచిపోయి తోకలూపుకుంటా వెంట పడినాయి. కరువు పనిలో రోడ్డుకు కంకర కొడుతున్న ఆడవాళ్ళు సుత్తులు ఆపి ముక్కులు ఎగబీల్చినారు.

"ఏమబ్బా, బజ్జీల బండా అది?"

"ఆగు, మాకు కూడా పెట్టిపో!"

"వేగలేదమ్మా ఇంకా!" అని అరిచినాను.

ఒకామె నిజంగా రాయి కిందపడేసి పదడుగులు ఉరికింది. వెనక నవ్వులు చాలాదూరం వినపడినాయి.

ఇంజను మంటలు కక్కుతా, నేను గుండెకు మందు అదుముకొని గాలిలో దూసుకుపోయినాను అని రాద్దామనుకున్నాను. కానీ నిజం ఏమంటే, సైకిలు మీద పోయే పాలాయన నన్ను దాటిపోయినాడు. దాటిపోతా పలకరించినాడు కూడా. అంత నిదానంగా పోయినాను. బండి వేడెక్కినప్పుడల్లా ఆపి, కొంచెం నీడ చూసుకొని, డబ్బాలో మిగిలిన నూనె పోసి, మళ్ళీ తన్నినాను. ఆగిన ప్రతిసారీ బోల్టు కింద బొట్టు వేలాడుతా ఉండింది. ప్రతిసారీ చెయ్యి దాని పక్కకు పోయింది. ప్రతిసారీ ఇంకో చేత్తో దాన్ని పట్టుకున్నాను. నల్లమాడ చేరేసరికి డబ్బా ఖాళీ. హోటలాయన తిరగమోతకు ఏమీ మిగల్లేదు.

ఓబుళమ్మ ఊరు

ఊర్లోకి పోతాంటే కాంపౌండరు సైకిలుకు పెట్టె కడతా ఉండినాడు. నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది. ఓబుళమ్మ సైకిలు హ్యాండిలు పట్టుకొని నిలబడింది.

"ఇంకొక గడియ సార్. మా అన్న చెప్తే వస్తాడు."

"మీ అన్న గురించి ఊరంతా చెప్తారు గదమ్మా" అన్నాడాయన.

అంతలో వాసన వాళ్ళకు చేరింది. ఓబుళమ్మ ముక్కు ఎగబీల్చి వెనక్కి తిరిగి, పొగలో నన్ను చూసింది. "మందు తెమ్మంటే బజ్జీలు తెచ్చినావా అన్నా!" అని ఏడుపు గొంతుతో అరిచింది. నేను ఎద మీద ముడి విప్పినాను.

కాంపౌండరు మూత తీసినాడు. లోపల తాటికాయంత ఐసు ఉండింది. కాదు, చెనిక్కాయ గింజంత ఉండింది, అది కూడా ఆయన చూస్తా ఉండంగనే నీళ్ళలో కలిసిపోయింది. ఆయన సీసా ఒకటి తీసి చెంపకు ఆనించుకున్నాడు. ఆనించుకొని అట్లే నిలబడినాడు. ఓబుళమ్మ పైట నోట్లో కుక్కుకునింది.

"సల్లగుండాది" అన్నాడు. "పట్టండి గొర్రెల్ని."

నేను కూడా పట్టినాను. పొట్టేలు ఒకటి నా వంతుకు వచ్చింది. నేర్చుకున్న పాఠం గుర్తుపెట్టుకొని, సుతారంగా, ఆనీ ఆననట్ల పట్టుకున్నాను. అది నన్ను కంపచెట్ల కంచె దాకా ఈడ్చుకుపోయి అందులో పడేసింది.

"గట్టిగా పట్టుకోన్నా!" అని ఓబుళమ్మ కసురుకునింది. "మెత్తగా పట్టుకుంటే గొర్రె ఆగుతాదా!"

లేచి, ముళ్ళు పీక్కొని, పైపు బిగించినట్ల పట్టినాను. ఆగింది. మందంతా నేనే పట్టినాను అనుకోండి. మూడు పట్టినాను.

కాంపౌండరు చెప్పినాడు, సూది పడినంత మాత్రాన ధైర్యం లేదు, రెండు వారాలు చూడాల, అంతదాకా కుంటకు తోలొద్దు అని. నేనూ ఉండిపోయినాను. బండి దొడ్డిలో కంబళి కప్పుకొని పండుకునింది, దాని కిందికి చీమలు బారులు కట్టినాయి. నాగప్పా నేనూ కావడితో దూరం నుంచి నీళ్ళు మోసినాము. పక్క ఊరి మంద పక్క నుంచి దినామూ గద్దలు లేస్తాండె. ఆ ఊరాయన ఒకడు మా దొడ్డి బయట చాలాసేపు నిలబడి, మా గొర్రెల్ని ఒక్కొక్కటే చూసి పోయినాడు. ఓబుళమ్మ దినామూ తెల్లారి దొడ్డిలోకి పోయి, ఒక్కో గొర్రె మూతి పట్టుకొని చూసేది, తోక ఎత్తి చూసేది. మేము దడి అవతల నిలబడి ఆమె ముఖం చూసేవాళ్ళం. ఒకదాన్ని ఒక తెల్లవారుజామున తోడేలు ఎత్తుకుపోయింది. దానికి ఆమె ఏడవలేదు. "తోడేలైతే ఒకటితో పోతాది" అనింది.

ఆఖరి దినం పొద్దున ఆఖరి గొర్రె తోక దించి, చేతులు కొంగుకు తుడుచుకునింది.

"ఏం లేదు" అనింది. "దేనికీ ఏం లేదు."

నాగప్ప దడి తీసినాడు. మంద దుమ్ము రేపుకుంటా బయటపడింది. నేను గడప మీద నిలబడి, వేలు చూపిస్తా లెక్కపెట్టడం మొదలుపెట్టినాను.

"నువ్వు లెక్కపెట్టొద్దన్నా, రెండింతలవుతాయి" అనింది ఓబుళమ్మ, మందను కుంట పక్కకు తోలుకుంటా.